చేరిన తేదీ

ఇరవై ఐదు-ఎఫ్ అంటాను ఇప్పటికీ,
నిద్రలో లేపి అడిగినా.
ముప్పై ఒక్క ఏళ్లుగా నాలుక మీద అరిగిన అంకె.
"డెబ్బై సార్," అంటుంది జూనియర్ హిమజ
ఫోన్లోంచి తలెత్తకుండానే.
డెబ్బై. సరే.
ఇల్లు అదే, డోర్ నంబరు మార్చారంతే అనుకున్నాను మొదట్లో.
లోపలికెళ్లి చూస్తే గోడలు జరిగి ఉన్నాయి.
మూడేళ్ల గడువు రెండేళ్లయింది.
వందమందిని దాటితే అడగాల్సిన అనుమతి
ఇక మూడొందల దాకా అక్కర్లేదు.

డాబాగార్డెన్స్‌లో, ఉప్పుగాలికి తుప్పెక్కిన నా బోర్డు కింద
సూరాడ నూకరత్నం నిలబడింది.
పెదజాలారిపేట నుంచి షేర్ ఆటోలో వచ్చిందట.
తనకంటే ముందు గదిలోకొచ్చిన రొయ్యల వాసనకి
తనే సిగ్గుపడి గుమ్మంలో ఆగిపోయింది.

"కొత్త సట్టం మంచిదేనంట బావూ.
అందరికీ కాయితం ఇమ్మన్నాదంట.
ఇచ్చినారు."

కూతురి లెక్కల పుస్తకంలోంచి తీసింది,
మడత పడకుండా.
నియామక పత్రం.
పంతొమ్మిదేళ్ల షెడ్డు బతుకులో మొదటిది.
ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం తప్పు లేదు.
హోదా ఉంది, జీతం ఉంది, గుండ్రటి స్టాంపు ఉంది.
చేరిన తేదీ: మొన్న డిసెంబరు ఒకటి.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.
చట్టం ఇవ్వమన్నది ఇచ్చారు,
ఆ చేత్తోనే పంతొమ్మిదేళ్లు పట్టుకుపోయారు.
ఇంత శుభ్రమైన దొంగతనం నా సర్వీసులో చూడలేదు.
రసీదు కూడా ఇచ్చారు.

"వేలిముద్ర వేశావా?"
"మిషను మీద పడనేదు బావూ.
సిరా పూసి మళ్లీ ఏయించినారు."
చేతులు చాపి చూపించింది.
ఐసులో నాని, రొయ్యముళ్లు గుచ్చుకుని
వేళ్ల కొసల గీతలన్నీ చెరిగిపోయాయి.
ఇంతకంటే సాక్ష్యమేం కావాలి అనిపించింది ఒక్క క్షణం.
కానీ నునుపుకి తేదీ ఉండదు.

షెడ్డులో ఎంతమందని హిమజ అడిగింది.
రెండొందల ఎనభై.
మూడొందలకి ఇరవై తక్కువ.
"పక్క షెడ్డులో ఇంకో తొంభై మంది ఉన్నారు గానీ
దానికి పేరు వేరు. గేటు ఒక్కటే."
మేం కొత్త పుస్తకానికి అట్ట వేసుకునేలోపే
దాన్ని చివరిదాకా చదివేసినవాళ్లున్నారు ఈ ఊళ్లో.

పాత చట్టం పోయినా
దాని నీడలో మొలిచిన హక్కు పోదని వాదించగలను.
వాదిస్తాను, గొంతు పోయేదాకా.
ముందు ఆ నీడలో ఈవిడ ఉన్నట్టు
ఒక్క కాగితం కావాలి.

"పాతది ఏదైనా ఉందా నూకరత్నం? ఏదైనా సరే."

చాలాసేపు గోడకేసి చూసింది.
తర్వాత సెల్లు వెనక కవరులోంచి గోటితో లాగింది.
మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి చీటీ.
కత్తి జారి మూడు కుట్లు పడ్డ రోజుది.
యజమాని గడిలో షెడ్డు పేరే, కాంట్రాక్టరుది కాదు.
హిమజ మొదటిసారి ఫోను పక్కన పెట్టింది.

అప్పుడే పిటిషను మొదలుపెట్టాను.
ఈ పిటిషనరు కనీసం రెండు వేల తొమ్మిది నుంచి,
అని రాసి, పక్కనే అంకెల్లో కూడా వేశాను.

నూకరత్నానికి అక్షరాలు రావు.
కానీ కిలోలు లెక్కపెట్టిన మనిషి,
అంకెలు తలకిందులుగా కూడా చదువుతుంది.

"నాను ఆరులో గదా సేరినాను.
మూడేళ్లు నువ్వూ తీసీసినావేటి బావూ?"

కింద వాచ్‌మన్ షట్టరు దించుతున్నాడు.
"కనీసం" అన్న మాట మీద వేలు పెట్టి చూపించాను.
ఆవిడ ఆ వేలునే చూస్తోంది.