పరికరంలో దోషం లేదు

చేపల రేవు వెనక సందులో మా కొట్టు.
స్కానర్లు బాగుచేస్తాం, నేనూ, కీత్ అనే ముసలాయనా.
గ్రిమ్స్‌బీలో వాన లేని పూట తలుపు తీసి పెడితే
ఉప్పుగాలి లోపలికొచ్చి సోల్డరింగ్ పొగతో కలుస్తుంది.

పెట్టెలో ఏమొచ్చిందో తెలియడానికి
చీటీ చూడక్కర్లేదు నాకు.
ట్రిగ్గర్ సందులో పిండి ఉంటే బేకరీ.
అద్దం మీద వెండి పొలుసులుంటే
తెల్లవారుజాము వేలంలో
పెట్టె పెట్టెకీ గురిపెట్టిన తుపాకీ పిడి.
దాన్ని మూడుసార్లు కడిగినా
ఆ వాసన నా మధ్యాహ్నపు అన్నం దాకా వెంటొస్తుంది.
ఆసుపత్రిది మరీ శుభ్రం.
మందునీళ్ళతో తుడిచి తుడిచి
పాత పింగాణీ కప్పులా సన్నని నెర్రెలిచ్చి ఉంటుంది.
ఎన్ని మణికట్లు చూసిందో,
ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కకుండా.

గ్రంథాలయం నుంచి ఏడాదికోసారి
కలం లాంటిదొకటి వస్తుంది.
గీతల మీద చేత్తో లాగాలి.
మరీ నెమ్మదైనా వినదు, మరీ తొందరైనా వినదు.
"కొత్తది కొనుక్కోమను" అంటాడు కీత్,
అంటూనే దాని మొనకి కొత్త గాజు వేస్తాడు.

సూపర్‌మార్కెట్ బల్లలో పడుకునే రకం వేరు.
లోపల అద్దాల చక్రం గిర్రున తిరిగి
ఒక్క కిరణాన్ని వలగా అల్లుతుంది.
పాలసీసా ఎటు తిప్పి చూపినా చిక్కాల్సిందే.
పైగాజు నిండా గీరలు,
తాళంచెవులవి, పెళ్ళి ఉంగరాలవి,
గడ్డకట్టిన బఠాణీ పొట్లాలవి.

అన్నిటికీ పరీక్ష ఒకటే.
నా సొరుగులో అల్లం బిస్కెట్ల పొట్లం ఉంది,
పద్నాలుగేళ్ళ నాటిది, విప్పలేదు.
అమ్మిన దుకాణం మూతపడింది.
లోపల ఈపాటికి పొడైపోయి ఉంటుంది.
అయినా చూపిస్తే చాలు,
కీచుమని అదే అంకె చెబుతుంది ప్రతిదీ.

నలుపుని చదువుతుందనుకుంటారు అందరూ.
నలుపు వెలుగుని మింగేసి ఊరుకుంటుంది.
తిరిగొచ్చేది తెలుపు నుంచే.
గీతలకి అటూ ఇటూ కాస్త ఖాళీ వదలాలి,
ఆ ఖాళీ లేకపోతే
ఎంత ఖరీదైన కన్నైనా గుడ్డిదే.
కీత్ నాకు మొదటిరోజు చెప్పిన పాఠమిది,
టీ తాగుతూ, వాన సంగతి చెప్పినట్టు.

మొన్న మంగళవారం ఒక ఉంగరం వచ్చింది.
ఇమింగ్‌హామ్ గోదాముది.
వేలికి తొడుక్కునే రకం,
రెండు చేతుల్నీ పెట్టెలకి వదిలేస్తుంది.
వేలికి ఒరుసుకోకుండా ఎవరో లోపల ప్లాస్టర్ చుట్టారు,
దానిమీద బాల్‌పెన్నుతో 'దనూతా'.
చెమటకి చివరి అక్షరం సగం కరిగింది.
చీటీలో మేనేజరు రాత:
"రాత్రి మూడు దాటాక నెమ్మదిస్తోంది. సరిచేయండి."
జతగా ఒక కాగితం,
స్కాన్‌కీ స్కాన్‌కీ మధ్య సెకన్ల లెక్క.
తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది,
పద్నాలుగు,
ఇరవై రెండు,

నలభై.

విప్పాను. దుమ్ము లేదు. బ్యాటరీ బాగుంది.
బిస్కెట్ల పొట్లానికి వెయ్యిసార్లు చూపించాను,
నా వేలు తిమ్మిరెక్కింది గానీ
వెయ్యోసారి కూడా అది మొదటిసారిలాగే పలికింది.

"పరికరంలో దోషం లేదు."
ఈ ముక్క రోజుకి మూడుసార్లు రాస్తాను.
ఆ రోజు పెన్ను కాగితం మీద ఆగిపోయింది.
పరికరంలో లేకపోతే
ఆయన తర్వాత ఎక్కడ వెతుకుతాడో నాకు తెలుసు.
కీత్ కళ్ళజోడు పైనుంచి చూశాడు.
ఏమీ అనలేదు.
స్ప్రింగుల డబ్బా నా వైపు జరిపాడు.

రాశాను:
"ట్రిగ్గర్ స్ప్రింగు బిగిసింది. మార్చాం. నాలుగు పౌన్లు.
మధ్యమధ్యలో కాస్త చల్లారనివ్వాలి,
ముఖ్యంగా రాత్రి మూడు దాటాక."

పాత ప్లాస్టర్ తీసి కొత్తది చుట్టాను.
పేరు నేను రాయలేదు,
ఆ చోటు తెల్లగా వదిలేశాను.

స్ప్రింగు నిజంగానే మార్చాను లెండి.
నాలుగు పౌన్ల దగ్గర అబద్ధమెందుకు.