ఖాళీ అనే మాట

డోన్ పాతబస్టాండు ఎనక, మిక్సీలు బాగుచేసే నా అంగట్లో
రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించినాక
బేతంచెర్ల బండ మీద నా రైలు మొదలవుతుంది.

నాలుగడుగుల ప్లైవుడ్డు. కోడిగుడ్డు మాదిరి ఒకటే చుట్టు.
కర్నూల్లో పాతసామాన్లాయన నూటాయాభైకి ఇచ్చిన పట్టాలు,
ఒక ఇంజను, నాలుగు పెట్టెలు.
సిగ్నలు స్తంభానికి గొడుగు కమ్మి.
దీపాలు పీర్లపండగ సీరియల్ సెట్టులో మిగిలినవి,
ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి.
రిలే, సచ్చిన స్టెబిలైజరు గుండెకాయ.

పట్టాను బ్లేడుతో కోసేటప్పుడు చెయ్యి వణికింది.
బాగున్నదాన్ని ఎవరన్నా కోస్తారా?
కోయాలన్నాడు ఖాజామియా,
సిగ్నళ్ళ పని చేసి రిటైరైన మా వీధి పెద్దాయన.
"ముక్కలు చేస్తేగాని బండి యాడుందో తెలీదు."
కోసిన సందులో పాత ఏటీఎం కార్డు నుంచి
గోరంత తీసి ఇరికించినా.
మద్దిలేటి అనే నా పేరులో ఆఖరి అక్షరం
ఇప్పుడా సందులో ఉంది.

ఇంజను కడుపులో దాని సెల్లు దానికుంది.
పట్టాల్లో పారే కరెంటు దాన్ని నడిపేందుకు కాదు,
అది యాడుందో అడిగేందుకు.
ఒక పట్టా మీద పోయి, రిలేను లేపి,
ఇంకో పట్టా మీద తిరిగొస్తుంది.
తిరిగొస్తున్నంతసేపూ పచ్చ.
ఇనుపచక్రం అడ్డం పడిందా,
కరెంటుకు దగ్గరదారి దొరుకుతుంది,
రిలే దాకా పోదు.
టక్.
ఎరుపు.

ఖాజామియా వచ్చి ఒక తీగ పీకినాడు. ఎరుపు.
పట్టాలకిచ్చే సెల్లు తీసేసినాడు. ఎరుపు.
"తెలీకపోతే ఆపు. ఇంతే రా మా చదువంతా."
నేనేమో తెలీకపోయినా ఔననే రకం.
మిక్సీ విప్పి చూడకముందే
రేపు సాయంత్రం రామ్మా అంటా.

మూడోనాడు గుద్దుకుంది.
కొక్కెం ఊడి ఆఖరి పెట్టె మలుపులో నిలబడిపోయింది.
మిగతా బండి ముందుకు పోయింది, పచ్చ వెలిగింది,
చుట్టు తిరిగొచ్చి ఇంజను దాని వీపులో పొడిచింది.
పెట్టెలో పోసిన ఉలవలు బండంతా చెదిరినాయి.
తిప్పి చూస్తే ఆ పెట్టె చక్రాలు ప్లాస్టిక్కు.
బరువుంది, సరుకుంది, దారికడ్డంగా ఉంది,
లైను లెక్కలో మాత్రం లేదు.

ఆ రాత్రి పన్నెండు దాకా
ఒక్కో చక్రానికీ రాగిరేకు చుట్టి
ఇరుసెంబడి వెంట్రుకంత తీగ అతికినా.
ఇంటికి పోయినాక కూడా వేళ్ళకు సీసం వాసన.

నాయన కీమాన్.
ముప్పైరెండేండ్లు పెండేకల్లు లైన్లో
సుత్తి భుజానేసుకొని పోయి, వచ్చి.
తెల్లారి టీ గ్లాసుతో అంగడికొచ్చి
చానాసేపు చూసినాడు.
"నన్ను పట్టుకుంటాదా ఇది?"
చూపుడువేలు ఒక పట్టా మీద, నడిమివేలు ఇంకోదాని మీద.
పచ్చ.
వేళ్ళు నాలికకు తడుపుకొని మళ్ళీ పెట్టినాడు.
పచ్చ.
"మాకూ ఇంతే. కాళ్ళు రెండూ దాని మీదే ఉండె.
చెవులుండబట్టి బతికితిమి."
చెవి ఇనపడని చెన్నప్ప మాట
ఇద్దరం ఎత్తలేదు.

టీ సగం తాగి, చేతి కడియం తీసినాడు,
కీళ్ళనొప్పులకని ఎవరో ఇచ్చిన రాగిది,
ముప్పైరెండేండ్లు అయిపోయినాక వేసుకున్నది.
రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టినాడు.
టక్.

మలుపులో వస్తున్న ఇంజన్ను నేనే చేత్తో ఆపినా.
అది నా అరచేతిలో చక్రాలు తిప్పుకుంటా ఉంది.
నాయన మిగతా టీ తాగుతున్నాడు,
మెల్లగా, చల్లారినాక కూడా.

సగమెత్తిన షట్టరు కింద వంగి
జారు పట్టుకున్న ఒకామె అడిగింది, "అయిందా అన్నా నాది?"
"తెలీదక్కా," అన్నా, "ఇంకా విప్పలేదు."
కడియం ఇద్దరం తీయలేదు.