పదమూడు కాలనీలు

ఎనిమిదో తరగతి, బి సెక్షన్.
బోర్డు మీద సుద్దతో రాశాను:
పదమూడు కాలనీలు.

కిటికీ అవతల గుజ్జు ఫ్యాక్టరీ,
జూన్ నెల పులిసిన వాసన.
మామిడి తొక్కల ట్రాక్టరొకటి
పాఠం మీదుగా కారుకుంటూ పోయింది.

"యా యా కాలనీలు మిస్?"
మునిచంద్ర లేచి నిలబడ్డాడు.
"మా నీవా గట్టు కాలనీ ఉందా అందులో?"

వాడు తమాషాకి అడగలేదు.
చిత్తూరులో పుట్టిన బిడ్డకి
కాలనీ అంటే సముద్రం అవతలి జెండా కాదు,
ఊరు అయిపోయినాక మొదలయ్యే చోటు.
ఒక గది, ఒక వసారా,
తలుపు ముందర నీలం డ్రమ్ములు,
గోడ మీద ఇచ్చినోళ్ల పేరు, ఉండేవాళ్లది కాదు.

మ్యాపు చుట్టేసి మూలన పెట్టాను.
"ఉందనుకో రా.
పదమూడు కాలనీలు, ఒకరంటే ఒకరికి పడదు.
ఒక చోట పొగాకు, ఒక చోట చేపలు,
ఒక్కో చోట దేవుణ్ణి ఒక్కో తీరున పిలుస్తారు.
రాజు మాత్రం ఒకడే,
నెలల తరబడి ఓడలో పోతే గానీ కనపడడు."

"వచ్చి ఒకసారన్నా చూసినాడా?"
"లేదు."
"పన్ను మటుకు వేసినాడా?"
"కాగితం మీద, గాజు మీద, చివరికి టీ ఆకు మీద."
"మాకూ అంతే మిస్," అంది సల్మా గబుక్కున,
"కొళాయిలో నీళ్లు రావు, బిల్లు వస్తాది."

అప్పుడు లేచి కూర్చుంది తరగతి.
టీ పెట్టెలు సముద్రంలో పారబోసిన రాత్రి చెబుతుంటే
వెనక బెంచీ గ్లాసులు లెక్కేసింది.
కలెక్టరాఫీసు ఎదురుగా టీ బండి పెట్టే
గంగులప్ప కొడుకొక్కడే అయ్యో అన్నాడు.
నష్టమంటే వాడికే తెలుసు.

యుద్ధం చెప్పాను.
మంచులో కాళ్లకు గుడ్డలు చుట్టుకుని నడిచినవాళ్లను చెప్పాను.
పడని ఇరుగుపొరుగులు
ఒకే కాగితం కింద సంతకాలు పెట్టడం చెప్పాను.
ఆ కాగితంలో నాకిష్టమైన వాక్యం
రెండుసార్లు చదివించాను:
మనుషులందరూ సమానంగా పుట్టారు.

గంటకింకా నాలుగు నిమిషాలుంది.

ఎలిశమ్మ చెయ్యెత్తింది.
ఏడాదంతా ఎత్తని చెయ్యి.
వాళ్లమ్మ ఆ గోడవతలే టెంకలు తీస్తుంది,
సొన కాల్చిన వేళ్లతో.
"మిస్, ఆ పొగాకు కోసినోళ్లది
యా కాలనీ?"

పుస్తకంలో దానికి రెండే వరుసలు.
పరీక్షలో రాదు.
కొనుక్కొచ్చిన మనుషులని,
కూలి లేదని, గొలుసుందని,
జెండా మారినాక కూడా
తొంభై ఏళ్ల దాకా
వాళ్లకు ఆ వాక్యం అందలేదని చెప్పాను.
నాలుగు నిమిషాల్లో ఎంత పడితే అంత.

గంట కొట్టారు. అందరూ పరుగు.
ఆరోజు ట్యాంకరొచ్చే రోజు.

మర్నాడు హోంవర్కు.
ఎలిశమ్మ పదమూడు పేర్లూ తప్పు లేకుండా రాసింది.
కింద పద్నాలుగు అని అంకె వేసి,
చుక్క పెట్టి,
పక్కన వదిలేసింది,
పట్టా రాని స్థలంలాగా.

ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు కూర్చున్నాను.
స్టాఫ్ రూములో టీ తెచ్చి పెట్టారు.
ఎవరో పన్ను గురించే మాట్లాడుతున్నారు.