ఎడ్లకి తెలిసిన పేరు

రాయగడ స్టేషన్లో అట్టముక్క పట్టుకుని నిలబడ్డాను.
దాని మీద ఆస్పత్రి గుమస్తా ఒడియాలో రాసిచ్చిన పేరు:
కొలిస్వా.
దిగినావిడది నా ఎత్తు, నేరేడుపండు రంగు.
అట్ట చూసి నవ్వి, కాదన్నట్టు వేలాడించింది.
దవడ పక్కన నాలుకతో ఒక్క చప్పుడు చేసి
దానికి ‘ఒలిస్వా’ తగిలించింది.

గుమస్తాకి మూడు వారాలైనా నోరు తిరగలేదు.
డాక్టర్లు సిస్టర్ లిసా అనేసి ఊరుకున్నారు.
నాకు మొదటిసారికే వచ్చేసింది.
రాకేటి?
మా అయ్య మునిగుడ సంతకి చింతపండు బస్తాలు తోలినన్నాళ్లూ
ఎత్తు మీద ఎడ్లు మొరాయిస్తే
ఆ చప్పుడే కదా చేసీవోడు.

వాళ్ల కోసా భాషలో ఇలాంటివి మూడున్నాయట.
ఒకటి ఎద్దుని అదిలించేది.
ఒకటి మనం అయ్యో పాపం అనబోయే ముందు
పళ్ల వెనక చప్పరించేది.
ఇంకోటి చంటిదాన్ని మోకాళ్ల మీద గుర్రం ఆడిస్తూ
అంగిట్లో టొక్కుమనిపించేది.
గొడ్లకీ జాలికీ పసిపిల్లలకీ ఇచ్చేసి
మనం ఓనమాల బయటే ఉంచేసినవాటిని
వాళ్లు లోపలికి పిలిచి పీట వేశారు.
వాటితోనే బేరాలాడతారు, తగువులు తీరుస్తారు.
దేవుడి పేరులోనూ ఒకటుందట.

తెరుబలి దాటాక వాన. వాగు పొంగి రోడ్డు మూసేశారు.
జీపులో ఇద్దరం, నా ముక్కల ఇంగ్లీషు.
మీ వంశమేంటి అనడిగింది.
వాళ్లలో ముందడిగేది అదేనట.
చెబితే ఆ వంశం తాతల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా పిలిచి
అప్పుడు కూర్చోమంటారట.
నాకు ముత్తాత పేరే తెలీదు. అద్దం తుడిచాను.

కొత్తకోడలు మామ పేరులో ముక్క దొర్లే మాటేదీ
నోట పలకకూడదట, వేరే మాట వెతుక్కోవాలి.
మా అయ్య పేరు పాలినాయుడు.
మా అమ్మ ఏనాడూ పాలని అనలేదు.
‘తెల్లవి పొంగిపోతన్నాయి, చూడరా’ అనేది.
అది చెబితే సీటు మీద చరిచి నవ్వింది.

వాన తగ్గాక ఇంకోటి చెప్పింది, గొంతు దించి.
ఆరేడు తరాల కిందట మందల్లో రోగం.
తెల్లోళ్లు నేల మింగుతూ వస్తున్నారు.
ఏటి ఒడ్డున ఓ గుంటకి చనిపోయిన పెద్దలు కనిపించారట.
గొడ్లన్నిటినీ కోసెయ్యండి, గాదెలు ఊడ్చెయ్యండి,
కొత్త మందల్తో మేం లేచొస్తాం అన్నారట.
కోసేశారు.
పొద్దు పొడిచింది.
రోజూ పొడిచినట్టే పొడిచింది.
ఆకలి తప్ప ఎవరూ రాలేదు.
‘నమ్మినోళ్లకి పిచ్చా?’ అన్నాను.
పళ్ల వెనక చప్పరించింది.
అది జాలో, అక్షరమో.

నియమగిరి కింద ఊళ్లో దున్నని కట్టిన రోజు
చెప్పులు విప్పి నిలబడి నన్నడిగింది:
‘అరుస్తుందా?’
అరవకపోతే పెద్దలు ఒప్పుకోనట్టు, వాళ్లకి.
బెజుణి చేటలో బియ్యం కదపడం ఆపి
ఆమెని చూస్తూ ఏదో అంది.
నాకు వాళ్ల మాట సగమే వచ్చు.
ఎవరింటి పిల్ల, అన్నట్టుంది.

మాఘమాసంలో అయ్యకి పక్షవాతం.
పదకొండు రోజులు కప్పుకేసి చూపు.
పేరు పెట్టి పిలవండి, పలుకుతాడేమో అన్నాడు డాక్టరు.
అమ్మ తలొంచుకుంది.
నేను పిలిచాను, అయ్యా అనే.
సెలైన్ మారుస్తున్న ఆవిడ వంగి
అయ్య చెవిలో తన పేరు చెప్పింది,
మొదటి చప్పుడు మాత్రమే.
దుప్పటి కింద కుడికాలి బొటనవేలు,
ఎద్దు తోక దగ్గర పొడిచే వేలు,
కదిలింది.
కాగితం మీద టైము రాసుకుంది.
మళ్లీ చేసింది. కదల్లేదు.

అయ్య ఆ వారం దాటలేదు.
అమ్మ ఇప్పటికీ తెల్లవే కాస్తుంది.

ఆవిడ వెళ్లిపోయాక
సీటు కింద అట్టముక్క దొరికింది.
వెనక్కి తిప్పి, తెలుగులో సరిగ్గా రాద్దామని పెన్ను తీశాను.
చాలాసేపు చూసి
మొదట వేలెడు ఖాళీ వదిలి
‘ఒలిస్వా’ అని రాశాను.