పద్నాలుగో ప్రశ్న

ఆ గదిలో నా పని గడియారం చూడడం.
ఇరవై రెండేళ్ళుగా సీలు విప్పుతున్నాను.
"మొదలుపెట్టండి" అంటాను, "పెన్సిళ్ళు దించండి" అంటాను.
నడుమ జరిగేది నాది కాదు.

మిసిసిపీలో ఆగస్టు.
కిటికీలో ఏసీ దగ్గుతోంది.
మూడో వరుసలో ఒర్లీన్ టాలివర్,
ఇస్త్రీ చేసిన చొక్కా, చెవుల దాకా చెమట.

పత్తి మీద మందు చల్లే విమానాలకి
వాళ్ళ నాన్న జెండా మనిషి.
చేను చివర నిలబడి తెల్లగుడ్డ ఊపుతాడు.
విమానం నెత్తి మీంచి పోగానే
పదిహేను అంగలు పక్కకి వేసి మళ్ళీ ఊపుతాడు.
మందు సగం పత్తికి, సగం ఆయనకి.
గట్టు మీద కూర్చుని ఆ పిల్ల
ఇంజను గొంతు విని చెప్పేదట,
ఇప్పుడు ఒరుగుతుంది, ఇప్పుడు లేస్తుంది అని.
విమానం కడుపు ఆమెకి కంఠతా.
వీపు ఎన్నడూ చూడలేదు.

పద్నాలుగో ప్రశ్న:
రన్‌వే మొదట్లో రాసిన అంకె దేనికి గుర్తు?

శనివారాలు గంటకింతని కట్టి
విమానం నేర్చుకున్న కుర్రాళ్ళు
పూర్తిగా చదవకుండానే గుండ్రం నింపారు.
ఆమె పెన్సిలు ఆగింది.
ఆమె ఎరిగిన రన్‌వే పత్తి పక్కన మట్టిబాట,
దానికి అంకె ఎవరు రాస్తారు?
పొడవు, అని పెట్టింది.
దిక్కు, అని పెట్టాలి.
దిక్కులు ఆమెకి తెలిసినంతగా
ఆ గదిలో ఇంకెవరికీ తెలియవు.

ఒక్క మార్కు.

రెండేళ్ళ తర్వాత టెక్సస్ నుంచి లెక్కలమ్మాయి వచ్చింది,
కట్టలు కట్టలు కాగితాలతో.
"అందరికీ ఒకే పేపరు, ఒకే గడియారం,
ప్రమాణం చేస్తాను" అన్నాను.
చేశాను కూడా.
ఆమె వేలు పెట్టి చూపించింది:
మిగతా అన్నింటా సమంగా రాసినవాళ్ళే,
పద్నాలుగు దగ్గర నల్ల పిల్లలు జారిపోతున్నారు.

"పైలట్‌కి రన్‌వే అంకె తెలియక్కర్లేదా?" అన్నాను.
"మొదటి వారంలో మనమే చెప్తాం కదా," అంది.
"మనం నేర్పబోయేదాన్నే ముందుగా అడిగితే
అది పరీక్ష కాదు, రసీదు.
ఎవరి ఇంట్లో డబ్బు కట్టారో తెలుస్తుంది, అంతే."

నాకు కోపం వచ్చింది.
నిజం చెప్పాలంటే, ఆమె మీద కాదు.

ఎందుకంటే ఆ రోజు పరీక్షయ్యాక
పార్కింగ్‌లో సిగరెట్టు వెలిగిస్తుంటే
పైన ఏదో పాత విమానం పోయింది.
ఒర్లీన్ తల ఎత్తలేదు.
బూటు లేసు కట్టుకుంటూనే
"ఒక ప్లగ్గు పేలడం లేదు, పాపం" అంది.
నేను నవ్వి ఊరుకున్నాను.
కాసేపటికి ఆ విమానం దగ్గుతూ వెనక్కి వచ్చింది.

ఇప్పుడు పద్నాలుగులో వేరే ప్రశ్న ఉంది.
అది ఎవర్ని ఆపుతుందో నాకు తెలియదు.
పొద్దున్నే సీలు విప్పుతాను,
ఆ వరుసలోకి ఒకసారి చూస్తాను,
మొదలుపెట్టండి అంటాను.