స్టూలు జరిగిన దూరం

మొదటి నెల ఓదెలు సార్ స్టూలు
నా మోచేతికి తగిలేంత దగ్గర.
పోచమ్మమైదాన్ల రేకుల దుకాణం,
కాలిన వార్నిష్ కమురు,
నేను అడుగుడు, ఆయన చెప్పుడు.
ఒకటో గాడి నుంచి ఆరో గాడికి
ఎర్రతీగ తెగకుండ, బిగువు తగ్గకుండ
ఆయన చెయ్యి ఎటుపోతే నా కన్ను అటు.

శ్రావణం వచ్చేసరికి స్టూలు గడప కాడికి జరిగింది.
"సార్, ఈ కాయిలుకు ఎన్ని సుట్లు?"
"పాతది కోసినవ్ గదా, లెక్కవెట్టలేదా?"
పెట్టలే.
తూకానికేసిన పాత రాగిని మళ్ల మూటిప్పి
తలవెంట్రుకల లెక్క ఒక్కొక్కటి విడదీసి
యాభై రెండు దాక వచ్చి మరిచిపోయి
మళ్ల ఒకటి నుంచి.
ఆ రాత్రి ఒక నోటుబుక్కు ఇచ్చిండు,
కౌలు లెక్కలున్న నాలుగు పేజీలు చింపి.
"ఇగ నన్ను అడిగేముందు దీన్ని అడుగు."

గీసుగొండ కొంరెల్లి మోటరు
నేనొక్కదాన్నే చుట్టిన మొదటిది.
వరి పొట్ట మీదున్నది, ఆయన నిలువుకాళ్ల మీదున్నడు.
స్విచ్చేస్తే తిరుగలే, మూలిగింది.
చెయ్యి పెడితే అట్లపెంక.
ఒక కాయిలు ఉల్టా పడ్డదని
సార్ పొద్దుగాలనే చూసిండంట!
ఏడుపొచ్చింది. అంతకన్న ఎక్కువ కోపమొచ్చింది.
"చెప్పొచ్చు గదా!"
ఆయన ఏమనలే.
కొంరెల్లికి తన సొంత మోటరు ఆటోకెత్తి పంపిండు,
ఖరాబైన తీగ పైసలు
తన పేరు మీద రాసుకున్నడు.
అటెంక ఒక బ్యాటరీ, రూపాయి బిళ్లంత దిక్సూచి
నా అరచేతుల పెట్టి
"నీకేమనిపిస్తున్నది?" అన్నడు.

అనిపించెటందుకు గంట పట్టింది.
మర్లవలసిన ముల్లు ఐదో కాయిలు కాడ మర్లలే.
ఆ పేజీకి ఇంకా నూనె మరక ఉన్నది.

తర్వాత స్టూలు గడప దాటింది,
రేకుల నీడకు, ఆడికెల్లి ఛాయ్ బండి దాక.
నేను పిలిస్తే ఇనవడే దూరం.
అంతకు మించి మాత్రం ఎన్నడు పోలే.

నిన్న ఎవరో సోలార్ పంపు తెచ్చిండ్రు.
పేరు బిళ్ల అరిగిపోయింది.
లోపల అయస్కాంతాలు, ఒక పచ్చ బోర్డు.
సార్ కండ్లద్దాలు తుడుచుకున్నడు. మళ్ల తుడుచుకున్నడు.
"ఇది నా కాలం సామాను కాదు పిల్లా, ఎట్ల?"

నాకు గూడ తెల్వదు.
కొత్త పేజీ తీసి నడుమ గీత గీసిన,
తెల్సినయి ఇటు, తెల్వనియి అటు.
అటుపక్కనే జాగ సాలలే.
"మీకేమనిపిస్తున్నది సార్?" అన్న.

నవ్వుతడనుకున్న. నవ్వలే.
ఛాయ్ బండి కాడి స్టూలు ఎత్తుకచ్చి
బల్లకు ఇవుతల,
నా దిక్కు ఏసుకున్నడు.