ఈకల పద్దు

ఏడు సముద్రాల అవతల
మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉండేదట.
మా ఇంట్లో ఐదుగురి ప్రాణం
మూర్ మార్కెట్ వెనక సందులో
నలభై చిలకల్లో ఉండేది.

నాన్నది మంగలి కత్తెర, సన్నటిది.
రెక్కని విసనకర్రలా విప్పి పట్టుకుని
బయటి రెండు ఈకలు వదిలేసి
లోపలి ఐదూ కోసేవాడు.
ముడిచినప్పుడు రెక్క నిండుగా ఉండాలి,
కొనేవాడికి కోత కనపడకూడదు.
"రక్తం ఉన్న కాడ ముట్టుకోకు వకుళా,
తెల్లగా బోలుగా ఉన్నదే కొయ్యి."
ఆరేళ్ళకి నాకొచ్చిన చదువు అది.
ఎక్కాలు తర్వాత వచ్చాయి.

ఇప్పుడు వేలచ్చేరిలో
దెబ్బతిన్న పక్షుల షెడ్డులో నెలజీతం.
ఫారెస్టు వాళ్ళు అట్టపెట్టెల్లో తెస్తారు,
ఫ్లాట్ల బాల్కనీల నుంచి, జోస్యగాళ్ళ చెక్కగూళ్ళ నుంచి.
ఒకటి కుక్కర్‌లా మూడు విజిల్స్ వేసి ఆగుతుంది.
ఒకటి అరవంలో తిడుతుంది, ముద్దుగానే.
జోస్యం చిలకకి ఏ కాగితం కనపడినా
ముక్కుతో లాగి చేతికిస్తుంది,
కరెంటు బిల్లు కూడా.
నా భవిష్యత్తు అందులో ఉన్నమాట నిజమే.

మొన్న అన్నానగర్ నుంచి వచ్చింది ఒకటి,
మెడ చుట్టూ గులాబి గీత,
నోట్లో చక్కటి తెలుగు:
"చిట్టీ, తలుపు తియ్యవే."
తీశాను.
రాలేదు.
తీసిన తలుపు లోపల కూచుని
తలుపు తియ్యమని పొద్దుగూకేదాకా అడిగింది.

రెక్క విప్పి చూశాను.
బయటి రెండూ ఉన్నాయి.
కోత వాలుగా, శుభ్రంగా,
మా ఇంటి దస్తూరీలా.
నాన్న దుకాణం ఎత్తేసి పదకొండేళ్ళు,
ఆయన కాదు.
ఆయన దగ్గర నేర్చుకున్న ఎవరో.
ఒక్క క్షణం నా వేళ్ళు చూసుకున్నాను.

వాటంతటవి రాలి కొత్తవి రావాలంటే ఏడాది.
ఆగలేకపోతే అతకాలి:
మిగిలిన కాడ బోలులో వెదురుపుల్ల,
చుక్క జిగురు, పైన మరో చిలక రాల్చిన ఈక.
డాక్టర్ సెల్వమేరి చేసి చూపించింది.
ఏ ఈక ఎన్నోదో చెప్పింది మాత్రం నేను.
ఎలా తెలుసంది.
పుస్తకంలో చూశానన్నాను.

అబద్ధం కాదు.
వ్యాసర్‌పాడి ఇంట్లో అటక మీద
ఎర్రగుడ్డ అట్ట పద్దుపుస్తకం.
సైదాపేట టీచరమ్మ, జత, నూట ఇరవై.
రైల్వే గార్డు, ఒకటి, అప్పు.
పేజీకీ పేజీకీ మధ్య రాలిన ఈకలు.
వీటినెందుకు దాస్తావని చిన్నప్పుడు అడిగితే
"ఇది అమ్మే సరుకు కాదు" అన్నాడు.

ఈసారి ఎందుకని ఆయన అడగలేదు.
పాత పేపరు పరిచి
వణికే చేత్తో వరస పేర్చాడు.
ఇది ఎడమది. ఇది కుడి మూడోది.
"కత్తెర పెట్టే చోటేనా పుల్ల?"
"అక్కడే."
"రక్తం ఉన్న కాడ..."
"ముట్టుకోను నాన్నా."

పది ఈకలు.
కొత్త పచ్చ పక్కన పాత పచ్చ కొంచెం వెలిసింది,
అంచు విప్పి కుట్టిన జాకెట్టులా.

సాయంత్రం అయిదూ నలభైకి
రైల్వేలైను మీదుగా అడవి చిలకల గుంపు వెళ్తుంది,
ఆర్డరూ లేదు, మర్యాదా లేదు,
పోతూ పోతూ కాంపౌండు జామకాయల్ని
సగం కొరికి మా నెత్తిన పడేసి.
ఇది వల పట్టుకుని ముక్కుతో పైదాకా పాకింది.
చిట్టి లేదు, తలుపు లేదు,
గొంతులోంచి ఒక మొరటు కీచు,
ఎవరూ నేర్పనిది.

తర్వాత వదిలేసింది వలని.
పన్నెండడుగులు. నీళ్ళ తొట్టి అంచు దాకా.
అక్కడ వాలి
తన రెక్కనే పరాయిదానిలా చూసుకుంది.

రాత్రి నాన్న ఫోన్.
ఎగిరిందా అనలేదు.
"ఈకలు నిలబడ్డాయా?"
"తొట్టి దాకా."
"పట్టి లోపల పెట్టావా?"
"లేదు. దాన్నే దిగనీ అని ఊరుకున్నాను."

అటువైపు చాలాసేపు
పెన్ను గీకుతున్న చప్పుడు.